కరాచీ నుంచి ఢాకాకు, కొలంబో మీదుగా

రాజధానిలో భారత-పాకిస్థాన్ వ్యవహారం చర్చకు వచ్చినపుడల్లా ‘గగనతలం మూసివేత’ అన్న మాట బహు తేలికగా వినవస్తూ ఉంటుంది. వీధి తలుపుకు గడియ పెట్టినంత సులభమన్న ధోరణి! ఆ మాట విన్నపుడు నాకు 1971 స్ఫురిస్తుంది.

ఆ ఏడాది జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్మూకు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ‘గంగ’ను దుండగులు లాహోరుకు మళ్ళించారు. ప్రయాణికులను విడిచిపెట్టినా, ఫిబ్రవరి 2న విమానాన్ని తగులబెట్టారు. రెండు రోజులకే పాకిస్థాన్ విమానాలు మన భూభాగం మీదుగా ఎగరరాదని భారత ప్రభుత్వం నిషేధించింది.

కరాచీ, ఢాకాల మధ్య నేరు దూరం సుమారు 2,370 కిలోమీటర్లు. నిషేధం తరువాత విమానాలు కొలంబో దాకా వెళ్ళి, అక్కడ ఇంధనం నింపుకొని, బంగాళాఖాతం మీదుగా ఉత్తరానికి రావలసి వచ్చింది. దూరం దాదాపు రెట్టింపయింది. సుమారు మూడు గంటల ప్రయాణం ఆరు గంటలకు చేరింది. ఒకే దేశంలోని రెండు మహానగరాల రాకపోకలకు మూడో దేశపు విమానాశ్రయం శరణ్యమయింది. మార్చిలో తూర్పు బెంగాల్‌పై విరుచుకుపడిన సైన్యానికి అదనపు బలగాలు చేరింది కూడ ఈ చుట్టుదారినే. పాకిస్థాన్‌ను చీల్చింది ఈ దూరం కాదు. 1970 డిసెంబరు ఎన్నికల తీర్పును సైనిక పాలకులు కాలరాయడం. అయితే ఆ దమనకాండకయ్యే ఖర్చును, కాలాన్ని ఈ దూరం పెంచిన మాట నిజం.

పాకిస్థాన్ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థకు ఫిర్యాదు చేసింది. దానిని విచారించే అధికారం ఆ సంస్థ మండలికి ఉన్నదని హేగ్ న్యాయస్థానం 1972 ఆగస్టు 18న తేల్చేనాటికి ఢాకా మరో దేశానికి రాజధాని! ఉభయ దేశాల విమాన సంబంధాలు 1976లో గాని పునరుద్ధరణ కాలేదు.

1971 నిషేధం దెబ్బ ఎవరికి తగిలిందో స్పష్టం. తరువాతి మూసివేతల సంగతి అలా లేదు. బాలాకోట్ దాడి దరిమిలా 2019 ఫిబ్రవరిలో పాకిస్థాన్ తన గగనతలాన్ని మూసివేసింది. జూలై 2 నాటికి ఎయిర్ ఇండియా ఒక్కదానికే 491 కోట్ల రూపాయల నష్టం వచ్చినట్లు మన ప్రభుత్వమే రాజ్యసభలో చెప్పింది. దాటింపు రుసుములు పోగొట్టుకొని పాకిస్థాన్ కూడ నష్టపోయింది. పహల్గాం ఘాతుకం తరువాత 2025 ఏప్రిల్‌లో ఇరుదేశాలూ పరస్పరం తలుపులు మూసుకున్నాయి. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఎయిర్ ఇండియా విమానాలు ఐరోపాలో ఇంధనానికి దిగవలసి వచ్చింది. బిడ్డలను చూడబోయే మన తెలుగు తల్లిదండ్రులు ఆ విమానాలలో తక్కువేమీ ఉండరు.

ఢిల్లీకి లాహోరు నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు. నేరు విమానం లేనపుడు దుబాయి మీదుగా పోతే నాలుగు వేలు దాటుతుంది. ఉగ్రవాదులకు ఈ లెక్కలతో పనిలేదు. వారు టిక్కెట్టు కొని రారు. కనుక ప్రతి మూసివేతకు మనకయ్యే వ్యయమెంత, దానివల్ల ఒనగూడిన ప్రయోజనమేమిటి అన్నది, సభ్యులు అడిగేదాకా ఆగకుండా, ప్రభుత్వం తనంతట తానే పార్లమెంటు ముందుంచాలి.