తాళాల గుత్తికి ఓ బుల్లి దీపం... ఏ వెర్షన్ కొనాలి?

"ఫోన్‌లో టార్చ్ ఉండగా కీచైన్‌కి ఇంకో లైట్ ఎందుకు బ్రో?" కీచైన్ లైట్ అన్న మాట ఎత్తగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా సింపుల్. టార్చ్ నిజంగా కావాల్సిన టైమ్‌కి ఫోన్ 3 శాతం ఛార్జింగ్ మీద కొట్టుకుంటూ ఉంటుంది. పైగా ఫోన్‌ని నోట్లో పట్టుకుని బైక్ స్పార్క్ ప్లగ్ విప్పలేం కదా!

సరే, కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే అసలు తలనొప్పి అప్పుడు మొదలవుతుంది. ఒకే లైట్‌కి పాత వెర్షన్, 'వీ2', 'ప్రో'... ఏది మంచిది? నన్నడిగితే ముందు ల్యూమెన్లు చూడొద్దు, లోపల ఏ సెల్ ఉందో చూడండి. సగం కథ అక్కడే తేలిపోతుంది.

బటన్ సెల్ లైట్లు

ఫుట్‌పాత్ మీద పది, ఇరవై రూపాయలకు దొరికేవి ఎక్కువగా ఇవే. లోపల ఎల్ఆర్41 అనే చిన్న వాచీ సెల్స్ మూడు ఉంటాయి. ఇదే జాతిలో పేరున్న లైట్ ఫోటాన్ మైక్రోలైట్. దాని వెర్షన్లలో ఒక తమాషా ఉంది. ఎరుపు లైట్‌కి ఒక్క సీఆర్2032 సెల్ చాలు. తెలుపు లైట్‌కి మాత్రం రెండు సీఆర్2016 సెల్స్ ఒకదాని మీద ఒకటి పెట్టాలి. ఎందుకంటే ఎరుపు ఎల్ఈడీ వెలగడానికి సుమారు 2 వోల్టులు చాలు. తెలుపు ఎల్ఈడీ అనేది నిజానికి పసుపు ఫాస్ఫర్ పూత పూసిన నీలం ఎల్ఈడీ. దానికి 3 వోల్టులు, ఆ పైన కావాలి. ఆ నీలం ఎల్ఈడీ తయారుచేసినందుకే అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. మన తాళాల గుత్తికి వేలాడేది నోబెల్ స్థాయి సరుకన్నమాట!

ఈ లైట్లలో సర్క్యూట్ అంటూ పెద్దగా ఏమీ ఉండదు. సెల్ లోపలి నిరోధమే కరెంటుకి కళ్లెం. అందుకే కొత్త సెల్ వేసిన రోజు ధగధగ, తర్వాత రోజురోజుకీ డల్. బరువు మాత్రం ఉన్నట్టే ఉండదు. అదొక్కటే ప్లస్.

మైనస్ చాలా పెద్దది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ లైట్ బొమ్మలాగే కనిపిస్తుంది. పిల్లలు సెల్ మింగితే, ముఖ్యంగా 20 మిల్లీమీటర్ల వెడల్పుండే సీఆర్2032 లాంటిది అన్నవాహికలో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. సెల్ పగలక్కర్లేదు. తడి తగిలి కరెంటు పారితే చాలు, అక్కడే క్షారం పుట్టి కండను తినేస్తుంది. మింగారన్న అనుమానం వస్తే చాలు, వాంతి చేయించే ప్రయత్నాలు మానేసి నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. స్క్రూ లేకుండా గోటితో ఊడొచ్చే మూత ఉన్న లైట్‌ని పిల్లలున్న ఇంట్లోకి తేకండి. ఇందులో బేరం లేదు.

ఏఏఏ లైట్లు

టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్ ఒక్కటి వేస్తే వెలిగేవి ఇవి. సెల్ ఇచ్చేది 1.5 వోల్టులు, ఎల్ఈడీకి కావాల్సింది 3. అందుకే లోపల వోల్టేజీని పెంచే చిన్న బూస్ట్ సర్క్యూట్ ఉంటుంది. సెల్ నీరసపడుతున్నా వెలుగు కొంతకాలం నిలకడగా ఉండేది దీని పుణ్యమే.

ఈ బ్యాచ్‌లో క్లాసిక్ అంటే ఫెనిక్స్ ఈ01. పాత వెర్షన్‌లో ఒకటే మోడ్. 10 ల్యూమెన్లు, ఒక సెల్ మీద 21 గంటలు అని కంపెనీ లెక్క. తల తిప్పితే వెలుగుతుంది, తిప్పితే ఆరిపోతుంది, అంతే. తర్వాత వచ్చిన ఈ01 వీ2.0లో మూడు మోడ్లు, గరిష్ఠంగా 100 ల్యూమెన్లు. పది రెట్లు! మరి పది రెట్లు దూరం కనిపిస్తుందా? లేదు. కాంతి దూరంతో పాటు వర్గం లెక్కన పలచబడుతుంది. కాబట్టి బీమ్ ఆకారం ఒకేలా ఉందనుకుంటే పది రెట్ల వెలుగుకి దూరం మూడు రెట్ల పైచిలుకే పెరుగుతుంది. సెల్‌లోని సరుకు మాత్రం అదే. ఎక్కువ వెలుగు కావాలంటే తొందరగా ఖాళీ అవుతుంది. వీ2.0 కొంటే చిన్న మోడ్ వాడటం అలవాటు చేసుకోండి. తాళం కన్నం వెతకడానికి 100 ల్యూమెన్లు అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. ఆల్కలైన్ సెల్ వేసి నెలల తరబడి మరిచిపోతే కారుతుంది. ఆ తెల్లటి బూజు లైట్‌ని లోపల్నుంచి తినేస్తుంది. ఛార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వాడితే ఈ బెడద బాగా తక్కువ.

యూఎస్‌బీ ఛార్జింగ్ లైట్లు

ఇప్పటి కుర్రకారు ఎక్కువగా చూసేవి ఇవే. ఓలైట్ ఐ1ఆర్ కథ చూడండి. మొదటి వెర్షన్ 130 ల్యూమెన్లు, ఐ1ఆర్ 2 వచ్చేసరికి 150, ఐ1ఆర్ 2 ప్రో 180. ప్రకటనలో చూస్తే భారీ పెరుగుదలే. 130 నుంచి 180 అంటే 38 శాతం ఎక్కువ. కానీ పైన చెప్పిన వర్గమూలం లెక్క వేస్తే దూరంలో తేడా 18 శాతం దగ్గరే ఆగిపోతుంది. పక్కపక్కన పెట్టి గోడ మీద వేస్తే తప్ప కన్ను పెద్దగా పట్టుకోదు.

నా దృష్టిలో అసలు అప్‌గ్రేడ్ వేరే ఉంది. ముందు రెండిటికీ మైక్రో యూఎస్‌బీ. ప్రోకి టైప్-సీ. ఫోన్ కేబుల్‌తోనే లైట్ కూడా ఛార్జ్ అవుతుంది. పాత కేబుల్ కోసం డ్రాయర్లన్నీ గాలించక్కర్లేదు. 30 ల్యూమెన్లకంటే ఈ కన్నానికే నేను డబ్బులిస్తాను.

లోటు ఏంటంటే, బ్యాటరీ లోపలే సీల్ అయి ఉంటుంది. కొన్ని వందల ఛార్జింగుల తర్వాత అది అలసిపోతే లైట్ మొత్తం పోయినట్టే. వాడకుండా పెట్టినా ఛార్జ్ మెల్లగా దిగుతుంది.

డబ్బా మీద అంకెలు చదవడం ఎలా?

మంచి కంపెనీలు ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం అంకెలు వేస్తాయి. దాని ప్రకారం ల్యూమెన్లు కొలిచేది లైట్ వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల మధ్య. రన్‌టైమ్ అంటే వెలుగు 10 శాతానికి పడిపోయేదాకా. అంటే 100 ల్యూమెన్ల లైట్ మొదటి కొన్ని నిమిషాలే గట్టిగా వెలిగి, మిగతా టైమంతా 15 దగ్గర ఈడ్చినా ఆ టైమంతా లెక్కలోకి వచ్చేస్తుంది. దూరం అంటే 0.25 లక్స్ వెలుగు పడేంత దూరం. అది దాదాపు పున్నమి వెన్నెలంత. ఆకారం కనిపిస్తుందే కానీ, గడ్డిలో ఏముందో తెలియదు.

ఈ చివరి ముక్క ఊళ్లో అమ్మానాన్నలున్న వాళ్లకి చాలా ముఖ్యం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేలు. భారం ఎక్కువగా ఉన్న ప్రాంతాల జాబితాలో తెలంగాణ కలిసున్నప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. రాత్రిపూట బయటికెళ్తే టార్చ్, కాళ్లకి బూట్లు అని డాక్టర్లు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేది ఇందుకే. రాత్రి పొలంలో మడవ మార్చడానికి వెళ్లే మనిషికి కీచైన్ లైట్ సరిపోదు. ఆయన చేతిలో పెద్ద టార్చిలైటే ఉండాలి. అది మొరాయించిన రోజున ఇంటిదాకా దారి చూపించడానికే జేబులో ఈ బుల్లిది.

మరి ఎవరికి ఏది?

సిటీలో ఉండి రోజూ ఫోన్ ఛార్జ్ చేసే అలవాటుంటే టైప్-సీ లైట్. ఊళ్లో నాన్నకో బాబాయికో కొనిస్తుంటే కళ్లు మూసుకుని ఏఏఏ లైట్. సెల్ పక్కనున్న కిరాణా కొట్లో దొరుకుతుంది, ఛార్జింగ్ గోల లేదు, తిప్పితే వెలుగుతుంది. వాన ఉంటే ఐపీఎక్స్7 లేదా 8 అని రాసి ఉందో లేదో చూడండి. ఐపీఎక్స్4 అంటే తుంపర్లు తట్టుకునేంతే. ఇక బటన్ సెల్ లైట్లు పిల్లలు లేని ఇంట్లో, అదీ స్క్రూ ఉన్నవే.

పాత వెర్షన్ ఆల్రెడీ మీ దగ్గరుండి బాగానే వెలుగుతుంటే 20, 30 ల్యూమెన్ల కోసం కొత్తది కొనకండి. ఆ డబ్బుతో ఇంట్లో ఇంకొకరి తాళాల గుత్తికి ఒకటి తగిలించండి. కొన్న రోజు ఎలాగూ వెలుగుతుంది. నెలకోసారి తిప్పి చూసుకుంటేనే అవసరమైన రోజు కూడా వెలుగుతుంది.