బుల్లెట్ టైమింగుకి చెవి చాలదు

పాత బుల్లెట్ మొరాయిస్తే మన ఊళ్లలో మొదట వినపడే మాట "టైమింగ్ పోయింది". కిక్కు వెనక్కి తన్నినా టైమింగే, ఎత్తు ఎక్కేటప్పుడు లాగకపోయినా టైమింగే, బెండ్ పైపు నీలం తిరిగినా టైమింగే. వెంటనే స్క్రూ వదులు చేసి, ఇంజన్ నడుస్తుండగానే పాయింట్ల ప్లేటును కాస్త అటూ ఇటూ జరిపి, శబ్దం చెవికి ఇంపుగా ఉన్న చోట బిగించేస్తారు. బండి కదులుతుంది, నెల తిరక్కుండా మళ్లీ అదే షెడ్డుకి వస్తుంది. దీన్ని మనం చేతివాటమని పొగుడుతున్నాం. జ్వరమెందుకు వచ్చిందో చూడకుండా మాత్రల మోతాదు మార్చడం లాంటి పని ఇది. టైమింగ్ స్క్రూ అన్నిటికన్నా చివర ముట్టుకోవలసింది, అదీ కొలిచిన తర్వాత.

1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా తయారుచేసిన 350 క్యాస్ట్ ఐరన్ ఇంజన్నే చూడండి. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పిస్టన్ టాపుకి, అంటే అది చేరే అన్నిటికన్నా పై స్థానానికి, ఇంకా 0.8 మిల్లీమీటరు దూరంలో ఉండగా ఆ పాయింట్లు విడిపడాలి, స్పార్కు పడేది అప్పుడే. క్రాంకు లెక్కలో అది తొమ్మిది, పది డిగ్రీలు. వేగం పెరిగేకొద్దీ అడ్వాన్స్ యూనిట్‌లోని బరువులు విచ్చుకుని స్పార్కును ఇంకా ముందుకు జరుపుతాయి. మంట అంటుకుని వ్యాపించడానికి కొంత సమయం కావాలి కదా, పిస్టన్ తొందరపడినప్పుడు స్పార్కు కూడా ముందే పడాలి. చిక్కంతా టాపు ఎక్కడుందో తేల్చడంలోనే ఉంది. టాపు దగ్గర పిస్టన్ దాదాపు నిలబడిపోతుంది. క్రాంకు ఐదు డిగ్రీలు తిరిగినా పిస్టన్ జరిగేది 0.2 మిల్లీమీటరే. ప్లగ్ రంధ్రంలో స్పోకు పెట్టి "ఇదిగో టాపు" అనే వేలికి ఆ కాస్త తేడా ఎలా తెలుస్తుంది? పైగా ఈ ఇంజన్‌లో ప్లగ్ ఏటవాలుగా ఉంటుంది, స్పోకు కదిలినంత దూరమే పిస్టన్ కదిలిందనుకోవడానికీ లేదు. నమ్మదగిన దారి వేరే ఉంది. క్రాంకుకి డిగ్రీల చక్రం కట్టి, టాపుకి ముందూ తర్వాతా పిస్టన్ ఒకే ఎత్తులో ఉన్నప్పుడు రెండు గుర్తులు పెట్టాలి. వాటి సరిగ్గా మధ్యది టాపు. పిస్టన్ చురుగ్గా కదిలే చోట పెట్టిన గుర్తులు కాబట్టి పొరపాటుకి చోటు తక్కువ.

ఇంత చేసినా, పాయింట్ల సందు ముందు సరిచూడకపోతే శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. సందు పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, తగ్గితే ఆలస్యంగా. క్యామును ఒరుసుకుంటూ తిరిగే ఫైబర్ మడమ అరుగుతూ ఉంటుంది, సందు తగ్గిపోతూ ఉంటుంది, టైమింగ్ తనంతట తానే వెనక్కి జారుతుంది. అలాంటప్పుడు ప్లేటు తిప్పి ముందుకు తెచ్చారనుకోండి, రేపు ఇంకెవరో ఫీలర్ గేజ్ పెట్టి సందు సరిచేయగానే స్పార్కు అతిగా ముందుకొచ్చి కిక్కు రాడ్ పిక్కను పట్టుకుంటుంది. షాఫ్టు బుష్ అరిగి ఊగుతుంటే సందు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. కండెన్సర్ పోతే పాయింట్లు నల్లగా కాలి మిస్సింగ్ వస్తుంది. ఈ రెండూ ప్లేటు తిప్పితే పోయేవి కావు. క్యామును వేళ్లతో కొంచెం మెలితిప్పి వదిలితే స్ప్రింగుల బలానికి టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, మధ్యలో ఆగినా దోషం అడ్వాన్స్ యూనిట్‌ది. ఇవన్నీ తేలాక టైమింగ్ చూడటానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు, హెడ్‌లైట్ మీది ఆమ్మీటర్ చాలు. తాళం తిప్పి, కంప్రెషన్ స్ట్రోకులో ఇంజన్‌ను మెల్లగా తిప్పుతుంటే, పాయింట్లు మూసుకున్నంతసేపూ ముల్లు కాస్త మైనస్ వైపు వాలి ఉంటుంది. అవి విడిపడిన క్షణాన సున్నాకి లేస్తుంది. ఆ క్షణాన చక్రం ఏ డిగ్రీ చూపిస్తుందో అదే మీ బండి టైమింగ్.

నలభై ఏళ్ల అనుభవమున్న మేస్త్రీ చెవి ఈ చక్రాలకన్నా తక్కువా అని అడగొచ్చు. ఏదో తేడా ఉందని పసిగట్టడంలో ఆ చెవికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆయన వినేది షెడ్డులో, బరువు లేకుండా స్లోలో తిరిగే ఇంజన్ని. స్లోలో స్పార్కును ముందుకు జరిపితే ఇంజన్ హుషారుగా తిరుగుతుంది, చెవి సంతోషిస్తుంది. అదే బండి వెనక ఇద్దరిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్ కొడుతుంది. దీనికి పూర్తిగా ఎదురుదారి మన కుర్రాళ్లది. "డుగ్ డుగ్" బీటు నిదానంగా రావాలని అడిగి మరీ టైమింగ్ వెనక్కి పెట్టించుకుంటారు. మంట ఆలస్యంగా మొదలై, వేడి సైలెన్సర్‌లోకి పోయి, బెండ్ పైపు నీలం తిరుగుతుంది. పెళ్లి ఊరేగింపుకి ఆ బీటు బాగానే ఉంటుంది, విజయవాడ హైవే మీద నడిచే బండికి కాదు.

పుస్తకంలోని అంకెలు ఆ కాలపు పెట్రోలుకి రాసినవి, ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపినది కదా అనే అభ్యంతరంలో బలముంది. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ కాబట్టి నాకింగ్ తగ్గొచ్చు, పాత కార్బురేటర్‌లో మిశ్రమం మాత్రం పల్చబడుతుంది. పల్చని మిశ్రమం కూడా ఇంజన్‌ను వేడెక్కిస్తుంది, లాగుడు తగ్గిస్తుంది, చూడబోతే అచ్చం వెనకబడ్డ టైమింగ్‌లాగే ఉంటుంది. దానికి మందు జెట్‌లో ఉంది, పాయింట్లలో లేదు. ఎలక్ట్రానిక్ కిట్ పెట్టేస్తే గొడవే ఉండదనే వాళ్లూ ఉన్నారు. రోజూ ఆఫీసుకి తిరిగే బండికి నేను వద్దనను, పాయింట్ల అరుగుదల నిజంగానే పోతుంది. కాకపోతే పాత షాఫ్టు మీదే, పాత బరువుల మీదే కూర్చునే కిట్లకి ఆ ఊగుడూ ఆ స్ప్రింగులూ వారసత్వంగా వస్తాయి. మొదటిసారి బిగించేటప్పుడు టాపు ఎక్కడో వాటికీ చెప్పాల్సిందే. కొలిచిన సందు ఎంత, పాయింట్లు విడిపడిన డిగ్రీ ఎంత, ఏ తేదీన చూశారు అనే మూడు అంకెలు చిన్న కాగితం మీద రాసి టూల్ బాక్స్ మూత లోపల అతికిస్తే, వచ్చే ఏడాది ఆ మూత తెరిచే మేస్త్రీ స్క్రూ వదులు చేసే ముందు పాత అంకెలతో పోల్చి చూసుకోగలుగుతాడు.