జాగ్రత్తల ఖర్చు ఎవరిది?

కొన్నేళ్ల క్రితం ఒక చలికాలంలో ఢిల్లీలో రెండు రోజుల సదస్సుకు మేమిద్దరం వెళ్లాం. నేను పరిశోధకురాలిని. నాతో వచ్చినామె శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పనిచేసే కార్యకర్త. కుటుంబ హింస కేసుల్లో ఊరి పెద్దల ముందూ, పోలీసు స్టేషన్లోనూ నిలబడి మాట్లాడటంలో ఆమెకు పదేళ్ల అనుభవం ఉంది. హిందీ మాత్రం రాదు.

నిర్వాహకులు పంపిన ఉత్తరంలో ఒక పేరా ప్రత్యేకంగా మహిళా ప్రతినిధుల కోసమే రాశారు. చీకటి పడ్డాక ఒంటరిగా బయటికి వెళ్లవద్దు, నగలు పెట్టుకోవద్దు, కొత్తవాళ్లతో మాటలు పెంచుకోవద్దు, రోడ్డు మీద ఆపిన ఆటో ఎక్కవద్దు అని. దాని కిందే ప్రయాణ ఖర్చుల పేరా: స్లీపర్ క్లాసు ఛార్జీ ఇస్తాం, టాక్సీ ఖర్చు ఇవ్వం. రెండు పేరాలూ రాసింది ఒకరే అయివుంటారు. కానీ రెంటినీ కలిపి ఒక్కసారి చదువుకున్నట్లు లేదు.

సాయంత్రం చేరాల్సిన రైలు రాత్రి ఒంటిగంట దాటాక చేరింది. మెట్రో ఆగిపోయింది. నిర్వాహకుల ఫోను ఎవరూ ఎత్తలేదు. తెల్లవారేదాకా వెయిటింగ్ రూములో కూర్చుందామని ఆమె అంది. నేను ఫోనులో టాక్సీ పిలిచాను, బండి నంబరు స్నేహితురాలికి పంపాను. దారి పొడవునా డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూస్తున్నాడా అని నేను చూస్తూ కూర్చున్నాను. ఆయన మర్యాదస్తుడు. అతిథి గృహం దగ్గర కాపలా మనిషి మాత్రం, ఈ వేళప్పుడు ఎక్కణ్ణుంచి వస్తున్నారంటూ గేటు బయటే అరగంట నిలబెట్టాడు.

మర్నాడు ఈ సంగతి చెబితే, "ఏమీ జరగలేదు కదా" అన్నారు. టాక్సీ బిల్లు తిరిగి వచ్చింది. సగం డబ్బు తాను ఇస్తానని ఆమె పట్టుబట్టింది. ఆ సగం ఆమెకు రెండు రోజుల జీతం.

అసలు విషయం ఆ తర్వాత జరిగింది. మరుసటి ఏడాది అదే సదస్సుకు ఆమె పనిచేసే సంస్థ ఆమెను కాకుండా ఒక పురుష సమన్వయకర్తను పంపింది. ఆమె నడిపిన కేసుల గురించి ఆయన మాట్లాడి వచ్చాడు. ఢిల్లీ మంచి ఊరు కాదు, ఆడవాళ్లను పంపి రేపేమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు అన్నది కారణం. ఆమె నాకు ఫోను చేసి ఒక్క మాటే అడిగింది: "నాకేం కాలేదు కదక్కా, మరి నన్నెందుకు ఆపేశారు?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునే ప్రయత్నమే ఈ వ్యాసం.

ఢిల్లీ గురించిన భయం కల్పితం కాదు. జాతీయ నేర నమోదు సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలో ప్రతి లక్ష మంది స్త్రీలకు నమోదైన నేరాలు 66.4 కాగా ఢిల్లీలో 144.4. అయితే అదే పట్టికలో తెలంగాణ కూడా వందకు పైనే, దేశంలో మొదటి వరుసలోనే ఉంది. నమోదు ఎక్కువగా జరిగే చోట అంకె పెరుగుతుందన్నది నిజమే, దాచిపెట్టే చోట తగ్గుతుందన్నదీ నిజమే. ఇంకో సంగతి. నమోదైన అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని అదే సంస్థ ఏటా చెబుతోంది. ఊరు దాటవద్దనే సలహా ఈ లెక్క ముందు ఎలా నిలబడుతుంది? ప్రమాదం ఎక్కువగా ఉన్న ఇంటికి వెళ్లవద్దని మనకెవరూ ఉత్తరం రాయరు కదా.

2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో మునిర్కా దగ్గర బస్సెక్కిన విద్యార్థిని ఏ జాగ్రత్త తీసుకోలేదు? ఒంటరిగా లేదు, స్నేహితుడు పక్కనే ఉన్నాడు. అర్ధరాత్రి కాదు, సినిమా చూసి వస్తున్నారు. నడిచి వెళ్లలేదు, బస్సెక్కారు. నగరంలో ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి లేని ఆ ప్రైవేటు బస్సు రోడ్ల మీద తిరగగలగడమే అక్కడి లోపం. ఆ లోపాన్ని సరిచేయడం ఏ స్త్రీ చేతి సంచిలోని కారం పొడికీ సాధ్యం కాదు. జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో ఇచ్చిన నివేదికలో బాధ్యతను రాజ్యం మీద, పోలీసుల మీద, రవాణా వ్యవస్థ మీద పెట్టింది కూడా అందుకే.

కానీ ప్రతి ఘటన తర్వాతా పాలకులకు తోచే మొదటి పరిష్కారం స్త్రీలను వెనక్కి పిలవడమే. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి హత్య జరిగింది. వెంటనే పోలీసులు స్త్రీలకు సూచనల జాబితా విడుదల చేశారు. ఆర్టీసీ మహిళా కండక్టర్లకు రాత్రి ఎనిమిది దాటి డ్యూటీలు వేయవద్దని ఆనాటి ముఖ్యమంత్రి ప్రకటించారు. 2024 ఆగస్టులో కోల్‌కతాలో ఒక వైద్యురాలిపై ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే అత్యాచారం చేసి చంపేశారు. సాధ్యమైనంతవరకు స్త్రీలకు రాత్రి డ్యూటీలు వద్దని ఆ రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. భద్రత కల్పించడం మీ బాధ్యత, రాత్రి పని చేయవద్దని స్త్రీలకు మీరెలా చెబుతారని సుప్రీంకోర్టు మందలించాక గానీ వెనక్కి తగ్గలేదు. చేసినవాడి దారి తెరిచే ఉంటుంది, మన దారి మాత్రం మూసుకుపోతుంది.

మన సంస్థలు కూడా ఇదే చేస్తున్నాయి. పరుష పదాలతో కాదు, ప్రేమతో చేస్తున్నాయి. అందుకే ఎదిరించడం కష్టం.

నేను జాగ్రత్తలకు వ్యతిరేకిని కాను. ఢిల్లీ వెళితే పగటిపూట చేరే రైలే చూసుకుంటాను. మెట్రోలో 2010 నుంచి స్త్రీలకు కేటాయించిన మొదటి పెట్టెలోనే ఎక్కుతాను. 112, 181, రైల్లో అయితే 139 నంబర్లు నోటికి వచ్చి ఉంటాయి. తోటివారికీ ఇవే చెబుతాను. అయితే ఈ జాగ్రత్తల్లో ప్రతిదానికీ ఒక ధర ఉంది. పగలు చేరే రైల్లో టికెట్టు దొరక్కపోతే ఒక రోజు ముందు బయల్దేరాలి, ఆ రాత్రి బసకు డబ్బు కావాలి. టాక్సీకి డబ్బు కావాలి. స్టేషన్‌కు దగ్గరలో మంచి గదికి ఇంకా ఎక్కువ కావాలి. ఆ రాత్రి నా దగ్గర బ్యాంకు కార్డు ఉంది, పనిచేసే ఫోను ఉంది, హిందీ ఉంది, పీహెచ్‌డీ తెచ్చిన ధైర్యమూ ఉంది. ఆమె దగ్గర ఇవేవీ లేవు. అదే రైలు, అదే ప్లాట్‌ఫారం, అదే రాత్రి, కానీ మా ఇద్దరి ప్రమాదం ఒకటి కాదు. దళిత, ఆదివాసీ కార్యకర్తల విషయంలో ఈ తేడా ఇంకా లోతుగా ఉంటుంది.

డబ్బు లేనివాళ్లు ఆ ధరను అవకాశాల రూపంలో చెల్లిస్తారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం విద్యార్థినుల మీద ఆర్థికవేత్త గిరిజా బోర్కర్ చేసిన అధ్యయనం ఇదే చూపింది. దారిలో వేధింపులు తక్కువ ఉంటాయనుకున్న కాలేజీ కోసం, తమకు సీటు రాగలిగిన మెరుగైన కాలేజీని అమ్మాయిలు వదులుకుంటున్నారు. శ్రీకాకుళం కార్యకర్త పోగొట్టుకున్న ఢిల్లీ వేదిక కూడా అలాంటిదే.

ఇక్కడ చట్టం ఏమంటుందో చూద్దాం. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం స్వచ్ఛంద సంస్థలను పేరు పెట్టి చెప్పింది. పని మీద వెళ్లిన ఏ చోటైనా, యజమాని ఏర్పాటు చేసిన వాహనమైనా పని ప్రదేశమేనంది. జీతం లేని స్వచ్ఛంద కార్యకర్త కూడా దాని కింద ఉద్యోగే. అక్కడ ఎదురయ్యే బయటివారి నుంచి సైతం రక్షణ కల్పించడం యజమాని విధి. అంటే సదస్సు హాలూ, పని మీద తిరిగే పల్లే మన ఆఫీసు గది లాంటివే. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన పాపానికి 1992లో దాడికి గురైన భన్వరీ దేవి కూడా ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేస్తున్న కార్యకర్తే. ఆమె ఘటన నుంచే 1997లో విశాఖ తీర్పు, దాని నుంచే ఈ చట్టం వచ్చాయి. కార్యకర్త రక్తంతో వచ్చిన చట్టాన్ని కార్యకర్తల సంస్థలే ఆఫీసు గోడల దగ్గర ఆపేయడం సిగ్గుచేటు.

పోలీసులున్నారు కదా అంటారా? 1978లో హైదరాబాద్‌లో రాత్రి సినిమా చూసి భర్తతో తిరిగి వస్తున్న రమీజాబీకి అత్యాచారం జరిగింది నల్లకుంట పోలీసు స్టేషన్లో. మనం ఆ పేరు మరిచిపోకూడదు. ఇవాళ ఏ ఊరి నేరమైనా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు చేయవచ్చని చట్టంలో ఉంది. అత్యాచారం వంటి కేసుల్లో ఫిర్యాదు రాసుకోని అధికారికి శిక్ష కూడా ఉంది. కానీ భాష రాని ఊళ్లో, ఒంటరిగా స్టేషన్‌కు వెళ్లే స్త్రీకి ఆ సెక్షన్ కన్నా పక్కన నిలబడే ఇంకో స్త్రీ ముఖ్యం. ఆ తోడును ఏర్పాటు చేయడం సంస్థల పని.

కాబట్టి నేను కోరేది చాలా మామూలు విషయాలు. ప్రతి ప్రాజెక్టు బడ్జెట్‌లో సురక్షిత ప్రయాణానికి విడిగా ఒక పద్దు ఉండాలి. నిధులిచ్చేవారు అడిగితే ఇది సౌకర్యం కాదు, హక్కు అని చెప్పగలగాలి. రాత్రివేళ చేరినవారికి టాక్సీ బిల్లు ప్రశ్న లేకుండా చెల్లించాలి. దూరప్రాంతాలకు ఇద్దరు కలిసి వెళ్లే వీలుండాలి. పిలిచిన సంస్థ ఆ రాత్రి ఫోను ఎత్తే మనిషి పేరు ఉత్తరంలో రాయాలి. భయంగా ఉంది, వెళ్లను అని చెప్పే హక్కు కార్యకర్తకు ఉండాలి, అలా చెప్పినందుకు ఆమె పని పోకూడదు. వెళతాను అన్నామెను ఆపే హక్కు మాత్రం ఎవరికీ ఉండకూడదు. ఏదైనా జరిగితే, ఆ వేళప్పుడు అక్కడికి ఎందుకు వెళ్లావన్న ప్రశ్న మన నోటి నుంచి రాకూడదు.

ఈ సంచిక చదివాక మీ సంస్థ ప్రయాణ భత్యాల నియమాలు ఒకసారి బయటికి తీయండి. పక్కనే మహిళా సిబ్బందికి ఇచ్చే జాగ్రత్తల కాగితం పెట్టుకోండి. రెంటినీ కలిపి చదవండి. మనం ఎవరి భద్రత గురించి మాట్లాడుతున్నామో, దాని ఖర్చు ఎవరి నెత్తిన వేస్తున్నామో అక్కడే కనిపిస్తుంది. మరో ఢిల్లీ సదస్సు వస్తుంది. తన కేసుల గురించి తానే మాట్లాడటానికి ఆమె వెళ్లాలి.