పటాల వెనుక పాత కాగితము

పెద్దలు కట్టిన ఇంటిని ఏమి చేయాలన్న ప్రశ్న మన గ్రామాలలో అనేక కుటుంబాలను వేధిస్తున్నది. పంచుకొనుట, పడగొట్టుట, ఇవే మనకు తెలిసిన దారులు. ఆ రెండూ తప్పించుకొని లండనులో నిలిచిన ఒక ఇంటి సంగతి ఈ నెల మీ ముందుంచుతున్నాము.

కెన్సింగ్టన్ ప్రాంతములోని స్టాఫర్డ్ టెరేస్‌లో 18వ నంబరు ఇల్లు విక్టోరియా రాణి కాలమున, 1870ల మొదట కట్టినది. భవంతి అనదగినది కాదు. ప్రక్కింటి గోడా దీని గోడా ఒకటే. వెడల్పు తక్కువ, అంతస్తులు ఎక్కువ. నేల క్రింద వంటిల్లు, పైన భోజనపు గది, ఆపైన అతిథుల హాలు, ఇంకా పైన పడకగదులు, కొసన పిల్లల గది, పనిమనిషి గది. బొగ్గులైనా వేడినీళ్లైనా మెట్ల మీదుగా మోయవలసినదే.

పంచ్ అను హాస్యపత్రికకు బొమ్మలు వేసే లిన్లీ శాంబోర్న్, ఆయన భార్య మారియన్ 1875లో అక్కడ కాపురము పెట్టారు. మరీ ధనవంతులు కారు గాని ఆయనకు ఇంటి సోకు మెండు. 1877లో వ్రాసిన సామానుల పట్టీలో కుర్చీలే 60కి మించియున్నవి! గోడలకు విలియం మోరిస్ పూల కాగితము అంటించారు. కొన్నేండ్లకు తోలువలె కనబడే ఖరీదైన జపాను కాగితము మీదికి మనసు పోయింది. ఖర్చు తగ్గించుటకై, పెద్ద పటములు వ్రేలాడే చోట్ల పాత కాగితమునే వదలివేశారు. పటము వెనుక ఎవరు చూడవచ్చారు? (పండుగకు వీధి గోడకు మాత్రమే సున్నము కొట్టే మనము ఆయనను నవ్వనక్కరలేదు.) మొదట ఆ గోడ ఎట్లుండెనో నేడు తెలియుచున్నదంటే ఆ పొదుపు వలననే.

మారియన్ 1881 నుండి దినచర్య వ్రాసింది. ఇంటి ఖర్చులు, పిల్లలు, పనివారితో చిక్కులు అన్నీ అందులో ఉన్నవి.

కుమారుడు రాయ్ పెండ్లి చేసుకొనలేదు. 1946లో మరణించువరకు ఆ ఇంట్లోనే ఉండి, దాదాపు ఏమీ మార్చలేదు. అంతే ఆయన చేసినది! ఆ తరువాత అక్క మాడ్, ఆమె కుమార్తె ఆన్ దానిని కాపాడారు. అప్పట్లో విక్టోరియా కాలపు ఇండ్లంటే జనులకు ఏవగింపు, ఎన్నో నేలమట్టమైనవి. ఆన్ తనవంటి అభిప్రాయము గలవారిని ఆ ఇంటికే పిలిచి మాట్లాడగా, 1958లో విక్టోరియన్ సొసైటీ ఏర్పడింది. 1980లో ఇల్లు లండను నగరపాలక మండలి పరమై ప్రజలకు తెరువబడింది.

2022లో ముగిసిన మరమ్మతులలో పైకొసనున్న పనిమనిషి గదిని కూడ ఆ కాలపు తీరున తిరిగి అమర్చారు. మాకు అన్నింటికన్న నచ్చినది ఇదే. హాలు చూచి దిగిపోయేవారు ఇప్పుడు ఆ చివరి మెట్లు కూడ ఎక్కుతున్నారు.