చౌడు ఒకటి కాదు, రెండు

మన బడి పుస్తకాల్లో దేశంలోని నేలలను ఎనిమిది రకాలుగా చెబుతారు. ఒండ్రు, నల్లరేగడి, ఎర్ర నేలల తర్వాత ‘లవణ, క్షార నేలలు’ అని రెండింటినీ ఒకే గాటన కడతారు. మొగల్తూరు వంటి తీర మండలంలో ఆ కలగాపులగం రైతుకు డబ్బు నష్టం, పంట నష్టం.

ఎండాకాలంలో పైన తెల్లగా ఉప్పు పేరేది పాలచౌడు. ఇందులో కరిగే లవణాలు ఎక్కువ, ఉదజని సూచిక 8.5 లోపే ఉంటుంది. కారుచౌడులో సూచిక 8.5 దాటుతుంది. సోడియం మట్టిరేణువులను విడగొట్టి నేలను బిగదీస్తుంది, నీరు ఇంకదు. దీనికి జిప్సం మందు. అందులోని కాల్షియం సోడియాన్ని తప్పిస్తుంది, ఆ తర్వాత నీరు పెట్టి కడిగెయ్యాలి. పాలచౌడుకు జిప్సం వేస్తే ఖర్చే మిగులుతుంది. దానికి కావలసింది మంచినీరు, ఆ నీరు ఉప్పును మోసుకుపోయే దారి.

సముద్రం పక్కనున్న మన పొలాల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఉప్పు సమస్యే. అయినా కంటిచూపుతో తేల్చుకోవద్దు, పరీక్ష చేయించాలి. 2015లో మొదలైన భూసార కార్డులో పన్నెండు అంశాలుంటాయి. రైతులు నత్రజని, భాస్వరం, పొటాష్ చూసి కార్డు మడిచేస్తారు. ఉదజని సూచిక, లవణ సాంద్రత అనే రెండు అంకెలు ముందు చూడండి. సంతృప్త మట్టి సారంలో లవణ సాంద్రత 4 మిల్లీమోస్ దాటితే అది పాలచౌడు. మట్టిలో ఎక్కువ నీరు కలిపి కొలిస్తే అంకె తక్కువగా వస్తుంది కాబట్టి ఏ పద్ధతిలో కొలిచారో అడగండి. మట్టి నమూనా వేసవిలో తీయండి.

పాలచౌడని తేలితే పొలంలో చేయగలిగింది కొంత ఉంది. జీలుగ వేసి కలియదున్నడం, ముదురు నారు కుదురుకు ఒకటి రెండు మొక్కలు ఎక్కువగా నాటడం, నీరు మార్చడం. కానీ డ్రెయిను గుర్రపుడెక్కతో పూడిపోయి, శివారుకు దాళ్వా నీరు అందకపోతే ఏ రైతు ఉప్పు కడగగలడు? అది ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు.

రొయ్యల చెరువుల మాటా దాచకుండా మాట్లాడుకోవాలి. చెరువు తవ్వినవాడూ మనవాడే, పక్కన వరి వేసినవాడూ మనవాడే. ఉప్పునీరు గట్టు దాటి ఊరితే పక్క చేను పాలచౌడవుతుంది. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది.

అందుకే మన డిమాండ్లు మూడు. ప్రతి కార్డుపై అది ఏ చౌడో తెలుగులో రాయాలి. సార్వాకు ముందే డ్రెయిన్ల పూడిక తీసి, పోటునీరు వెనక్కి ఎక్కకుండా తలుపులు బాగుచేయాలి. వరిచేలను ఆనుకుని కొత్త చెరువులకు అనుమతి ఇవ్వరాదు.

సభ్యులందరూ తమ కార్డులు పట్టుకుని వచ్చే గ్రామ సమావేశానికి రావాలి. ఊరి కార్డులన్నీ ఒకచోట పెడితే, ఉప్పు ఎటునుంచి వస్తోందో మనమే పటం గీసి అధికారుల ముందు పెట్టగలం.