పరదేశమున కంపెనీ – చేవ్రాలు ఎవరిది?



గడచిన నెలలో మాకందిన జాబులలో ఒకదానిని గూర్చి యీ మారు ముచ్చటింపదలచితిమి. వ్రాసిన సోదరి కృష్ణాతీరమున ఒక పట్టణపు ఇల్లాలు. పిల్లల పుస్తకములకు బొమ్మలు గీయుట ఆమె వృత్తి. జర్మనీ, హాలండు దేశముల ప్రచురణకర్తలు ఆమెచే పని చేయించుకొనుచున్నారు. "ఎస్తోనియా దేశమున నా పేర కంపెనీ పెట్టినచో పన్ను లేదని మా మరిది చెప్పుచున్నాడు. కాగితముల సంగతి యంతయు తానే చూచుకొనునట. నేను వ్రేలిముద్రలు వేసి, కార్డు తెచ్చి యిచ్చిన చాలునట. ఇయ్యవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

మరిది మేలు కోరియే చెప్పియుండును. ఆతని మాటలో సగము నిజమే. ఆ సగమును ముందు చెప్పెదము.

ఎస్తోనియా బాల్టిక్ సముద్రపుటొడ్డున నున్న చిన్న దేశము. జనసంఖ్య పదమూడు లక్షలకు పైచిలుకు. మన విశాఖపట్టణపు జనముకంటె తక్కువ. 1991లో సోవియట్ ఏలుబడినుండి విడివడి, 2004లో ఐరోపా సమాఖ్యలో చేరి, 2011లో యూరో నాణెమును స్వీకరించినది. పరదేశీయులు తమ గడ్డపై కాలు మోపకయే తమ దేశమున కంపెనీ పెట్టి నడుపుకొనుటకు వీలుగా 2014 డిసెంబరు 1వ తేదీన ఆ ప్రభుత్వము ఒక కార్డు నిచ్చుట మొదలిడెను. దీనినే ఈ-రెసిడెన్సీ యందురు. 2023 నాటికే దీనిని పొందినవారు లక్ష దాటిరి. పేరులో నివాసమను అర్థమున్నను ఇది నివాసహక్కు కాదు, పౌరసత్వము కాదు, వీసా యంతకంటె కాదు. ఈ పేరు చూచి పిల్లల చదువులకు ఐరోపాలో తలుపు తెరచుకొనునని యాశపడువారున్నారు. అట్టి యాశ వలదు.

దరఖాస్తు ఇంటనుండియే పంపవచ్చును. వారి పోలీసు శాఖవారు పూర్వాపరములు విచారించి అంగీకరించిన పిదప, దరఖాస్తుదారు స్వయముగా పోయి వ్రేలిముద్రలిచ్చి కార్డు తీసికొనవలెను. మనకు ఢిల్లీలోని వారి రాయబార కార్యాలయము దగ్గర. మారుగా మరియొకరిని పంపుటకు వీలులేదు. ఇంత పట్టుదల యెందుకో తెలిసికొన్నచో ఆ సోదరి ప్రశ్నకు జవాబు దొరకును.

కార్డుతో రెండు రహస్య సంఖ్యలిత్తురు. నాలుగంకెల మొదటిది "ఈ వచ్చినది నేనే" యని తెలుపుటకు. అయిదంకెల రెండవది చేవ్రాలు చేయుటకు. ఆ యయిదంకెలు నొక్కి చేసిన వ్రాలు అచటి చట్టము దృష్టిలో చేతితో చేసిన సంతకముతో సమానము. కంపెనీ స్థాపన, బాకీ పత్రము, ఒప్పందము, పన్ను లెక్క, అన్నియు దానితోనే. కార్డును, సంఖ్యలను మరియొకరి చేతిలో నుంచుట యనగా, తెల్లకాగితములకు రెవెన్యూ బిళ్ల లంటించి, వ్రాలు చేసి, కట్టగట్టి యిచ్చుటయే. మన తాతల కాలమున వితంతువుల పొలములు ఎట్లు పోయినవో ఎరిగిన పెద్దలు మీ యింటనే యుందురు, అడిగి చూడుడు. మరిది మంచివాడే కావచ్చును. కాని వ్రాలు చేసినదెవరని అధికారులు అడిగిన నాడు పలుకవలసినది వదినగారు. కంపెనీ నిర్వాహక సభ్యురాలు జాగరూకతతో వ్యవహరింపక నష్టము కలిగించినచో ఆమెయే బాధ్యురాలు. "నాకేమియు తెలియదు, పేరు మాత్రము నాది" యను మాట రక్షణ కాదు.

ఇక కంపెనీ ఖర్చు. పరిమిత బాధ్యత గల చిన్న కంపెనీని వారు ఓయూ యందురు. పూర్వము కనీస మూలధనము 2,500 యూరోలుండెడిది. 2023 ఫిబ్రవరి నుండి ఒక సెంటైనను చాలును. రిజిస్టరు రుసుము 265 యూరోలు. నిర్వాహకులు ఆ దేశమున లేనిచో అచట ఒక చిరునామా, లైసెన్సు గల సంప్రదింపు ప్రతినిధి యుండవలెను. వారికి ఏటేట రుసుము చెల్లించుచుండవలెను. లెక్కలు వ్రాయువారి జీతము వేరు. ఆర్థిక సంవత్సరము ముగిసిన ఆరు నెలలలో వార్షిక నివేదిక దాఖలు చేయవలెను. ఒక్క యూరో వ్యాపారము జరుగకున్నను ఇది తప్పదు. మానినచో మొదట హెచ్చరిక, పిదప జరిమానా, తుదకు రిజిస్టరునుండి కంపెనీ పేరు కొట్టివేత. కంపెనీ పుట్టుటకంటె బ్యాంకు ఖాతా పుట్టుట కష్టము. ఆ దేశముతో మీకేమి సంబంధమని బ్యాంకువారు అడుగుదురు. తృప్తికరమైన జవాబు లేనిచో ఖాతా యియ్యరు.

పన్ను లేదనుట పైన మేము చెప్పిన సగము నిజము. లాభము కంపెనీలోనే యున్నంతవరకు అచట ఆదాయపు పన్ను లేదు. పంచుకొనిన నాడు పడును. 2025 నుండి లెక్క యిది: నూరు యూరోల లాభము పంచదలచినచో 22 పన్నునకు పోయి 78 చేతికి వచ్చును. వ్యాపారము పెంచుకొనుటకు సొమ్మును కంపెనీలోనే యుంచువారికి ఈ పద్ధతి మేలు. ఇంటి ఖర్చులకు నెలనెల కావలసిన ఇల్లాలికి దానితో ఒరగునది స్వల్పము.

మిగిలిన సగము మన దేశమున నున్నది. దీనిని కంపెనీ పెట్టించు దళారులు చెప్పరు. ఇచట నివసించువారు విదేశీ కంపెనీలో పెట్టుబడి పెట్టవలెనన్నచో 2022 ఆగస్టు నాటి విదేశ పెట్టుబడి నిబంధనలను అనుసరింపవలెను. అధీకృత బ్యాంకు ద్వారా ఎఫ్‌సీ ఫారము దాఖలుచేసి, ప్రత్యేక సంఖ్య పొంది సొమ్ము పంపవలెను. ఇతర అవసరములకు బయటికి పంపు సొమ్ముతో కలిసి ఒక వ్యక్తికి సంవత్సరమునకు రెండున్నర లక్షల డాలర్లు మించరాదు. కంపెనీని చేతనుంచుకొన్నవారు ప్రతి సంవత్సరము డిసెంబరు 31వ తేదీలోగా దాని పనితీరు నివేదిక నియ్యవలెను. పెట్టుబడి ఒక సెంటైనను పెట్టుబడియే. ఆదాయపు పన్ను దాఖలాలో విదేశీ ఆస్తుల పట్టికలో దానిని చూపవలెను. చూపనిచో 2015 నాటి చట్టము క్రింద పది లక్షల రూపాయల జరిమానా కలదు. 2024 అక్టోబరు నుండి ఇరువది లక్షలకు మించని స్థిరేతర ఆస్తులకు ఆ జరిమానా తొలగినది. చూపవలసిన విధి మాత్రము తొలగలేదు.

ఇంకొక్కటి. కంపెనీ పేరు ఎస్తోనియాలో నున్నను, బొమ్మ గీయునది కృష్ణాతీరమున, నిర్ణయములు చేయునది వంటింటి ప్రక్కగదిలో. అట్టి లాభముపై మన పన్నుల శాఖకు హక్కు గలదా యను ప్రశ్న రాక మానదు. ఒకే ఆదాయముపై రెండుమార్లు పన్ను పడకుండ రెండు దేశములకును 2011లో ఒడంబడిక జరిగినది. అది రెండు పన్నుల భారమును తగ్గించుటకే గాని పన్నే లేకుండ చేయుటకు గాదు.

కావున ఆ సోదరికి మా జవాబిది. విదేశీ ప్రచురణకర్తలు మీ స్వంత ఖాతాకే సొమ్ము పంపుచున్నారు. కంపెనీ యుండవలెనని వారు కోరలేదని మీరే వ్రాసితిరి. అట్లయినచో ప్రస్తుతము మీకు కంపెనీతో పనిలేదు. ఐరోపాలో భాగస్వాములు కుదిరిన నాడు, లేదా అనేకులకు అచటి నాణెములోనే అమ్మకములు సాగించు నాడు ఆలోచింపుడు. అప్పుడును దరఖాస్తుకు ముందు ఇచటి లెక్కల పరీక్షకుని ఒకరిని కలిసికొనుడు. కార్డు తెచ్చుకొన్నచో మీ బీరువాలోనే యుంచుడు. సంఖ్యలు మీకు తక్క నన్యులకు తెలియరాదు. మరిది కాగితములు సిద్ధపరుచవచ్చును, చదివి వినిపింపవచ్చును. నొక్కవలసినది మీ వ్రేలు.

సింగపూరున కంపెనీ పెట్టవలెనన్నచో అచట నివసించు డైరెక్టరు ఒకరైనను తప్పక యుండవలెను. ఆ యద్దె డైరెక్టర్ల కథ పై నెలలో.