క్యారట్ మడికి బంతి కావలి

నిరుడు బెజవాడలోని మా పెరటి క్యారట్ దుంపలు చీలి, బుడిపెలతో ఊరినవి. విత్తనము చెడ్డదని, అమ్మిన వృద్ధుని నిందించితిమి. తప్పు మాదే. రెండేండ్లుగా ఆ మడిలో వంగ, బెండ పెంచియుంటిమి. వాని వేళ్ల నాశ్రయించిన నులిపురుగులు కంటికి కానరాక మంటిలో నిలిచినవి.

ఈ యేట వర్షాకాలమున మూడు మాసములు ఆ మడినిండ బంతి పెంచితిమి. బంతివేళ్లు ఆ పురుగులను చాలవరకు అణచును. పిమ్మట వేపపిండి, చివికిన యెరువు, ఇసుక కలిపి నల్లరేగడిని గుల్లచేసి, కార్తికమున ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థవారి పూసా కేసర్ విత్తనము చల్లితిమి. ఎండ కోర్చు రకమది. ఐనను నులిపురుగు నాపవలసినది మడిలోనే. పచ్చిపేడ వేయరాదు, నారు తీసి నాటరాదు, దుంప చీలును. మొలకలను రెండంగుళముల కొకటి నిలిపి తక్కినవి పెరికివేయవలయును.

మాఘమున నున్నని దుంపలు వచ్చినవి. తొలి తట్టను ఆ వృద్ధునికే పంపితిమి.